సిద్ధాంతానికో నంబరు

గణిత వ్యాసంలో సిద్ధాంతం పక్కనుండే నంబరు దాని చిరునామా. మధ్యలో ఓ కొత్త లెమ్మా చేర్చామా, కిందివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. దిద్దకుండా వదిలేసిన పాత నంబరు ఒక్కటి చాలు, నిరూపణ వేరే సిద్ధాంతాన్ని సాక్ష్యానికి పిలుస్తుంది.

డొనాల్డ్ క్నూత్ 1977లో మొదలుపెట్టిన టెక్ అక్షరాలను అందంగా పేర్చింది. దాని ప్లెయిన్ రూపంలో 'ప్రొక్లెయిమ్' అనే ఆదేశం శీర్షికని ముద్దక్షరాల్లో, ప్రవచనాన్ని వాలు అక్షరాల్లో పెడుతుంది. నంబరు మాత్రం రచయితే వేసుకోవాలి! 1980ల్లో లెస్లీ లాంపోర్ట్, టెక్ మీదే కట్టిన లేటెక్‌తో ఆ లెక్కని యంత్రానికి అప్పజెప్పాడు. రచయిత సిద్ధాంతానికి ఓ గుర్తు పేరు తగిలిస్తే చాలు. లేటెక్ దాని నంబరుని పక్క ఫైల్లో రాసుకుని, మరుసటి విడత చదువుకుంటుంది. మొదటిసారి నడిపినప్పుడు నంబర్ల చోట ప్రశ్నార్థకాలు కనబడేది అందుకే.

తర్వాత అమెరికన్ మేథమెటికల్ సొసైటీ ప్యాకేజీ సిద్ధాంతాలకు ఇటాలిక్, నిర్వచనాలకు నిటారు అక్షరాలు కేటాయించింది. నిటారు వాక్యంలో కొత్త పదాన్ని ఇటాలిక్‌లో పెడితే ఇట్టే కనబడుతుంది.

నిర్వచనాలకీ సిద్ధాంతాలకీ ఒకే వరుస నంబర్లు వాడొచ్చు, వేర్వేరుగానూ వాడొచ్చు. నా ఓటు ఒకే వరుసకి. నిర్వచనం 3 పక్కన సిద్ధాంతం 11 ఉంటే, సిద్ధాంతం 5 కోసం పేజీలు ఎటు తిప్పాలి?