కస్టమ్ రోమ్ అప్‌డేట్

కంపెనీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి, ఔత్సాహిక ప్రోగ్రామర్లు ఆండ్రాయిడ్ ఆధారంగా తయారుచేసిన దాన్ని ఫోనులో వేసుకుంటే, దాన్ని కస్టమ్ రోమ్ అంటారు. 2009లో మొదలైన సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో ఆగిపోగా, లీనియేజ్ ఓఎస్ ఆ పనిని అందుకుంది.

ఈ కథలో శ్రీసిటీకీ చోటుంది. నాడు చిత్తూరు జిల్లాలో, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న ఈ పారిశ్రామికవాడలో ఫాక్స్‌కాన్ తయారుచేసిన రెడ్‌మీ 2 ప్రైమ్, షావోమీ మన దేశంలో చేయించిన తొలి ఫోను. 2015 ఆగస్టులో ఆండ్రాయిడ్ 4.4తో వచ్చిన ఆ ఫోనును లీనియేజ్ 14.1 ఆండ్రాయిడ్ 7.1 దాకా తీసుకెళ్లింది. చక్కగా పనిచేసే ఫోనుకు ఇలా ఆయుష్షు పెరగడం చిన్న మేలు కాదు.

కస్టమ్ రోమ్ అప్‌డేట్‌కు ముందు ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ సంభాషణలు ఫోనులో కాక కంప్యూటర్‌లో దాచుకోవాలి. ఫోను మోడల్‌ను గుర్తించే కోడ్‌నేమ్‌కు సరిపోయే ఫైలునే దించుకుని, అది చెడిపోలేదని తేల్చుకోవడానికి దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువను సరిచూడాలి. అదే రోమ్‌లో పై వెర్షన్‌కు వెళ్తే డేటా సాధారణంగా నిలుస్తుంది. వేరే రోమ్‌కు మారితే అంతా చెరిపేయక తప్పదు. గూగుల్ యాప్‌ల ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు తగినదే కావాలి. ఛార్జింగ్ నిండుగా ఉండాలి. కస్టమ్ రోమ్ వేయడానికి అన్‌లాక్ చేసిన బూట్‌లోడర్‌ను, అంటే ఫోను ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామును, ఆ రోమ్ ఉండగా మళ్లీ లాక్ చేయడం అన్నిటికన్నా ప్రమాదం: చాలా ఫోన్లు ఆ తర్వాత ఆన్ కావు. కొన్ని బ్యాంకు యాప్‌లు బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన ఫోన్లలో పనిచేయవు.