బాజీరావు దాటలేని రోడ్డు

బోర్ అడవికి బాజీరావు అనే పులి రాజు. మహారాష్ట్రలో వార్ధా, నాగపూర్ జిల్లాల మధ్య ఉన్న ఈ చిన్న అడవిని 2014లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అంత ఇరుకు చోట పెద్దపులి ఎన్నాళ్లని ఇమిడి ఉంటుంది? 2017 డిసెంబరు చివర్లో ఒక రాత్రి, బాజార్‌గావ్ దగ్గర నాగపూర్–అమరావతి హైవే దాటబోయింది. ఏదో వాహనం గుద్ది వెళ్లిపోయింది. సఫారీకి వచ్చినవాళ్లు పేరు పెట్టి మురిసిపోయిన పులి తారు మీద దిక్కులేని చావు చచ్చింది.

పేరుంది గనక బాజీరావు వార్తల్లోకెక్కింది. మిగతా ప్రాణులు ఎక్కడ పడిపోతున్నాయో వెతికితే జాతికో చోటు కనబడుతుంది. పులీ, చిరుతా ఎక్కువగా బలయ్యేది, ఒక అడవి నుంచి మరో అడవికి పోయే వాటి నడకదారిని రోడ్డు కోసేసిన చోట. కప్పలు చచ్చేది చెరువుల పక్కన. తొలకరి కురిసిన రాత్రి గుడ్లు పెట్టడానికి నీళ్లకేసి బయల్దేరతాయి. తెల్లారేసరికి తడి కాగితాల్లా రోడ్డుకి అతుక్కుపోయి ఉంటాయి. ఎండెక్కితే ఆ ఆనవాలూ మిగలదు. లెక్కపెట్టేవాళ్లు కాస్త ఆలస్యంగా వెళ్తే, అక్కడ కప్పలు చావనట్టే. పొద్దు వాలాక నేల చల్లబడినా తారు వేడి వదలదు. పాము ఆ వెచ్చదనానికి ఆగిపోతుంది. చచ్చినదాన్ని తినబోయి నక్క చస్తుంది.

మన శ్రీశైలం ఘాట్ రోడ్డులో కోతుల చావు నన్ను మరీ కలచివేస్తుంది. వాటిని రోడ్డు మీదికి పిలిచింది మనమే. మలుపు దగ్గర కారు అద్దం దించి అరటిపండు విసురుతాం, పుణ్యమనుకుంటాం. వెనక ఇంకో బండి వస్తున్నా, పొట్టను కరుచుకున్న పిల్లతో సహా తల్లికోతి ఆ పండుకోసం ఉరుకుతుంది. నల్లమలలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపుతారు; రాత్రి తిరిగే జంతువులకు అదెంతో ఊరట. కోతి పగటిపూట తిరిగే ప్రాణి, దానికి ఆ ఊరట లేదు.

ఆదిలాబాద్ మీదుగా మన దగ్గరికొచ్చే 44వ నంబరు హైవే మీదే, నాగపూర్‌కు ఎగువన పెంచ్ అడవిలో, కోర్టు కేసుల తర్వాత రోడ్డును పైకి లేపి జంతువులకు కింద దారి వదిలారు. 2019లో అక్కడి కెమెరాలకు 11 పులులు చిక్కాయి. ఆ సంగతి చదివినప్పుడు ఎంత సంతోషమో, బాజీరావు గుర్తొచ్చి అంత బాధ. అయితే పెంచ్‌లోవి ఒంటి వేడిని పసిగట్టి ఫొటో తీసే కెమెరాలు. చల్లటి ఒంటి కప్పలూ పాములూ వాటికి దాదాపు చిక్కవు.