శ్రీపుర విహారంలో విద్య: ఆధారాల పరిశీలన

భిలాయి ఉక్కు నగరానికి తూర్పున, రాయపూర్ దాటిన తరువాత, మహానది తీరాన సిర్పూర్ ఉంది. దక్షిణ కోసలను ఏలిన పాండువంశీయుల రాజధాని శ్రీపురం ఇదే. 1955లో భిలాయి కర్మాగారానికి ఒప్పందం కుదిరిన కాలంలోనే ఎం.జి. దీక్షిత్ ఇక్కడ తవ్వకాలు జరిపి బౌద్ధ విహారాలను వెలికితీశారు. నేడు శ్రీపురాన్ని ప్రాచీన విశ్వవిద్యాలయంగా వర్ణించడం పరిపాటి అయింది. ఆ వర్ణనకు ఆధారాలు ఎంతవరకు తోడ్పడతాయో పరిశీలించడం అవసరం.

ఈ విహారాలలో ఆనందప్రభ కుటీ విహారం ప్రసిద్ధం. క్రీ.శ. 7వ శతాబ్దంలో, పరమ శైవుడైన మహాశివగుప్త బాలార్జునుని పాలనలో, ఆనందప్రభుడనే భిక్షువు దీనిని నిర్మించాడు. ఇందులో 14 గదులు, భూమిస్పర్శ ముద్రలో బుద్ధ విగ్రహం ఉన్నాయి. ఇక్కడి సంస్కృత శాసనం విహార నిర్మాణంతో పాటు భిక్షువుల అన్నసత్రాన్ని పేర్కొంటుంది. కనుక ఇది వసతికి, భోజనానికి ప్రత్యక్ష సాక్ష్యం.

బోధన తీరుకు మాత్రం ఆ శతాబ్దపు చివరి దశాబ్దాలలో నలందలో చదివిన ఇత్సింగ్ రచనే ఆధారం. విహారాలలో భిక్షువులు కాని విద్యార్థులు రెండు తరగతులవారని అతడు వివరించాడు. ప్రవ్రజ్యను కోరి బౌద్ధ గ్రంథాలు చదివేవారు మాణవులు. లౌకిక విద్య మాత్రమే కోరేవారు బ్రహ్మచారులు. ఉభయులూ తమ ఖర్చు తామే భరించాలి. సంఘం కోసం శ్రమించినవారికే సంఘపు అన్నంలో పాలు దక్కేది. బాలురు ఆరవ ఏట 'సిద్ధిరస్తు' అనే అక్షర పాఠంతో చదువు ఆరంభించేవారు. తెలుగునాట ఓనమాలలో వినిపించే 'సిద్ధం నమః' ఆ పాఠాన్నే తలపిస్తుంది.

ఈ నియమం శ్రీపురానికీ వర్తించి ఉంటే, సత్రపు బియ్యాన్ని బట్టి గాని, గదుల సంఖ్యను బట్టి గాని విద్యార్థుల లెక్క తేల్చడం సాధ్యం కాదు.

హ్యూయెన్‌త్సాంగ్ అనుభవం మరొక హెచ్చరిక. కోసలలో సుమారు నూరు సంఘారామాలను, పదివేలకు కొద్దిగా తక్కువైన భిక్షువులను అతడు పేర్కొన్నాడు. అయినా అతని జీవితచరిత్ర ప్రకారం, అక్కడ తర్కశాస్త్రం చదివింది ఒక బ్రాహ్మణ పండితుని వద్ద. తరువాత ధాన్యకటకంలో ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మాన్ని అభ్యసించి, వారికి మహాయాన శాస్త్రాలు బోధించాడు. విద్య కట్టడాన్ని కాక ఆచార్యుని ఆశ్రయించి సాగిందని ఇది చాటుతుంది.

కాబట్టి శ్రీపురాన్ని విశ్వవిద్యాలయం అనడం కంటే, విద్యకు ఆశ్రయమిచ్చిన విహారకేంద్రం అనడమే ఆధారాలకు తగినది. అన్నదానమే ఆ ఆశ్రయానికి పునాది. శాసనం భద్రపరచిన ఆ విషయం ఏ బిరుదు కన్నా విలువైనది.