సంగడి కట్టిన చక్రములు

కొల్లేటిలో చేపలు పట్టువారి తాటిదోనెను మీలో పెక్కుమంది చూచియే యుందురు. ముదిరిన తాటిమాను మొదలుభాగమును తొలిచినచో దోనె యగును. అలవాటు లేనివాడు ఒంటి దోనెపై నిలువలేడు. కాలు కొంచెము ప్రక్కకు జరిగినచో దోనె ఒరుగును, మనిషి నీట పడును. అందుచేత బరువు వేయవలసినపుడు రెండు దోనెలను ప్రక్కప్రక్కన నిలిపి అడ్డుకర్రలతో బిగించి కట్టుదురు. దానికి సంగడి యని పేరు. ఒక దోనె ఒరుగబోయినచో రెండవది దానిని పట్టి నిలుపును. చెలికానిని సంగడీడు అనుటలోను ఈ జత యను భావమే కలదు.

ఈ కట్టు మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రము మొదలు మన దేశపు రేవుల వరకు గల వాణిజ్యమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. పెద్ద మ్రానులను జతగా బంధించి చేసిన తూర్పుతీరపు నావలకు సంగర యని పేరని అందు చెప్పెను. ఈ మాటను సంస్కృతమునందలి సంఘాట శబ్దముతో పండితులు ముడిపెట్టిరి.

ఐనను నేటి నా ప్రసంగము నావలను గూర్చినది కాదు. జీపుబండి అడుగున ఇరుప్రక్కల చక్రములను సంగడి కట్టు ఒక ఇనుపకడ్డీని గూర్చినది. మెకానిక్కులు దీనిని స్టెబిలైజర్ బార్ అందురు. స్వే బార్ అనియు వాడుక కలదు. వ్యాకరణము చెప్పి బ్రతికిన నాబోటి వానికి దీనితో పని యేమని మీరడుగవచ్చును. 2024వ సంవత్సరపు వరదలలో ఒక కొల్లేటి గట్టుపై ఈ కడ్డీ నాకు ప్రాణభయము కలిగించెను. నాటినుండి దీని చరిత్రను తెలిసికొన బూనితిని.

ఎగుడుదిగుడు నేలపై చక్రము పడు పాట్లను మన పూర్వులు ఎరుగనివారు కారు. శాకుంతల నాటకపు మొదటి యంకమున సారథి దుష్యంతునితో, నేల మిట్టపల్లములుగా నుండుటచే పగ్గములు బిగబట్టి వేగము తగ్గించితిననియు, అందుచే లేడి దూరమైనదనియు, ఇక సమతలము వచ్చినది గావున దానిని అందుట కష్టము కాదనియు చెప్పును. నేలను బట్టి నడకను మార్చుకొనవలెనను ధర్మము ఆ సారథికి తెలియును. విక్రమోర్వశీయమున రథము మిట్టపల్లములపై దిగుచుండగా, ఆ కుదుపువలన ఊర్వశి మేను తన మేనికి తాకెనని పురూరవుడు సంతసించును. మన పల్లెటూరి ఎడ్లబండ్లలో నడుము నొచ్చుటయే గాని ఇట్టి భాగ్యమును నేనెరుగను.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేరు ప్రాంతములలో చక్రము చాలకాలము రెండవ స్థానముననే యుండెను. మొదటి స్థానము పడవది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పిమ్మట గోదావరి కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చెను. కృష్ణానది నుండి వచ్చిన కాలువయు, గోదావరి నుండి వచ్చిన కాలువయు ఏలూరునొద్ద కలిసికొనెను. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీటిని కొల్లేరు పట్టి, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పంపును. ఇట్టి నేలపై గట్లే దారులు. వానకాలమున నల్లరేగడి మన్ను ఎడ్లబండి చక్రమును ఇరుసుదాక మ్రింగును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున తాడేపల్లిగూడెమునొద్ద విమానములు దిగుటకు పొడవైన బాట వేసిరి. ఆ యుద్ధముననే జీపు పుట్టెను. 1941 మొదలు 1945 వరకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను చేసెను. యుద్ధము ముగిసిన పిదప సైన్యమునకు మిగులైన జీపులు మన దేశమున అమ్మకమునకు వచ్చెను. 1945లో స్థాపితమై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యని పేరు మార్చుకొన్న సంస్థ, విడిభాగములు తెప్పించి బొంబాయిలో జీపులను కూర్చసాగెను.

ఆ తొలినాటి జీపునకు ముందొక ఇరుసు, వెనుకనొక ఇరుసు. నాలుగు మూలల నాలుగు కమానుకట్టలు. నేను చెప్పుచున్న కడ్డీ దానికి లేదు. నాటి గతుకుల దారులపై అది పోయిన వేగమునకు ఆ కొరత అంతగా తెలియలేదు. చక్రములు నేలను వెదకికొనుచు ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోవుచుండెడివి. కూర్చున్నవారి యెముకలు కదలినను, బండి మాత్రము గట్టు దాటెడిది.

కడ్డీ అంతకు పూర్వమే పుట్టియుండెను. కెనడా దేశమున ఫ్రెడరిక్టన్ పురవాసియగు స్టీఫెన్ కోల్‌మన్ 1919 ఏప్రిల్ 22వ తేదీన దీనికి పేటెంటు పొందెను. దీని పని చిన్నపిల్లలకైనను బోధపడును. స్ప్రింగు ఉక్కుతో చేసిన కడ్డీని రెండు కొనలయందు వంచుదురు. నడిమి భాగమును రబ్బరు బుష్షులతో బండి చట్రమునకు తగిలింతురు. కొనలను చిన్న లింకులతో ఇరుప్రక్కల చక్రముల కడకు కలుపుదురు. రెండు చక్రములును ఒక్కసారి పైకి లేచినచో కడ్డీ బుష్షులలో ఊరక తిరుగును, అడ్డు చెప్పదు. ఒక చక్రము లేచి రెండవది లేవకున్నచో మాత్రము కడ్డీ మెలిపడును. మెలిపడుటకు ఒప్పక, రెండింటిని సమము చేయ జూచును. మలుపునందు బండి ఒక ప్రక్కకు ఒరుగకుండ పట్టునది ఈ మెలియే. ఇదియే సంగడి ధర్మము.

ఇంకొక చిన్న లెక్క వినుడు. గుండ్రని కడ్డీ బిగువు దాని వ్యాసపు నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీని తీసి 22 మిల్లీమీటర్లది వేసినచో, కంటికి భేదమే తోచదు. బిగువు మాత్రము దాదాపు ఒకటిన్నర రెట్లగును. 24 మిల్లీమీటర్లది వేసినచో రెట్టింపునకు మించును. వంచిన చేతులు పొడవైనచో కడ్డీ మెత్తబడును, పొట్టివైనచో గట్టిపడును. ముందరి కడ్డీని మాత్రమే మిక్కిలి బిగించినచో మలుపున బండి ముక్కు వెలుపలికి జారును. వెనుకటిదానిని మాత్రమే బిగించినచో తోక జారును. కావున ఇది లావు గొప్పయని యెంచి కొనదగిన వస్తువు కాదు.

దారులు నునుపైనకొలది ఈ కడ్డీకి విలువ హెచ్చెను. పూర్వము 5వ సంఖ్యగా నుండి, 2010 తరువాత 16వ సంఖ్యగా మారిన జాతీయ రహదారి ఏలూరును, తాడేపల్లిగూడెమును కలుపుచున్నది. అది నాలుగు వరుసల బాటయైన పిదప ఎత్తైన బండ్లు కూడ వేగముగా పోసాగెను. 2020లో వచ్చిన కొత్త థార్ బండికి ముందును వెనుకను ఈ కడ్డీలు కారుఖానాలోనే అమర్చిరి.

ఇప్పుడు గట్టుమీది సంగతి చెప్పెదను. నా పూర్వ విద్యార్థి యొకనికి జీపు కలదు. పైకప్పుమీద సామాను వేసికొని రహదారిపై పోవునపుడు అది మలుపులలో ఊగుచున్నదని, అతడు ముందరి కడ్డీని తీయించి లావుపాటిదానిని వేయించెను. నన్నొకసారి ఏలూరు తీసికొనిపోయి, "మేష్టారూ, ఇప్పుడెలా ఉందండీ?" యని యడిగెను. బండి పల్లకివలె పోయెను. నేను మెచ్చుకొంటిని.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటికి గండ్లు పడి బెజవాడ మునిగెను. ఆ నీరు తుదకు కొల్లేటికే రావలెను గదా! సరస్సు పొంగి లంకగ్రామములకు రాకపోకలు చిక్కుపడెను. నేను పూర్వము పనిచేసిన ఒక గ్రామమునకు బియ్యపు బస్తాలును త్రాగునీరును చేర్పవలెనని ఆ శిష్యుడు బయలుదేరెను. దారి చూపుటకు నేనును ఎక్కితిని. చేపలచెరువుల నడుమ గట్టుపై పోవుచుండగా, ఎడమవైపు మన్ను కోసుకొనిపోయిన చోట ముందరి చక్రము దిగెను. కడ్డీ మెత్తనిదైనచో ఆ చక్రము తన దారిన దిగి నేలను పట్టియుండును. లావుపాటి కడ్డీ దానిని దిగనీయలేదు. చక్రమునకు బదులు బండియే ఎడమకు వాలెను. కుడివైపు వెనుకచక్రము గాలిలోనికి లేచెను. ఇంజను బలమంతయు ఆ లేచిన చక్రమునకే పోయి అది ఊరక తిరుగసాగెను. బండి అంగుళమంగుళముగా చెరువువైపు జారెను. శిష్యుని ముఖమున నెత్తురు లేదు. నాకు నోట మాట రాలేదు. మాతో వచ్చిన ఇద్దరు కుఱ్ఱవాండ్రు దిగి కుడివైపు మెట్టుపై నిలిచి వ్రేలాడిరి. వారి బరువునకు చక్రము నేలనంటెను. బండి మెల్లగా వెనుకకు వచ్చెను. బియ్యమును అక్కడనుండి గ్రామస్థులు దోనెలపై తీసికొనిపోయిరి. సంగడి కట్టిన దోనెలపైననే!

నీరు తీసిన పిదప మేము తాడేపల్లిగూడెమున ఒక ముదుసలి మెకానిక్కు కడకు పోతిమి. అతడు బండి క్రింద దూరి చూచి వచ్చి, చేతులు తుడుచుకొనుచు, "రోడ్డు మీద కట్టాలండి మేష్టారూ, గట్టు మీద విప్పాలండి" అనెను. నేను నలువది సంవత్సరములు చెప్పిన పాఠములలో ఇంత పొట్టి సూత్రము లేదు.

అతడు మాకు పరీక్ష చేసి చూపెను. సమతలముపై బండి నిలిపి, ముందరి చక్రమొకదాని క్రింద పలకమీద పలక పేర్చుచు పోయెను. లావుపాటి కడ్డీ ఉన్నపుడు కొద్ది పలకలకే వేరొక చక్రము నేల విడిచెను. బండితో వచ్చిన పాత కడ్డీ వేసినపుడు మరికొన్ని పట్టెను. లింకులు విప్పివేసినపుడు అన్నిటికంటె ఎక్కువ పలకలు పట్టెను. పిమ్మట లింకులు విప్పిన ఆ బండినే రహదారిపై కొంతదూరము నడిపించెను. మొదటి మలుపుననే అది తాగినవానివలె ఒరిగెను. ఎవరును ఏమియు చెప్పనక్కరలేకపోయెను.

శిష్యుడు పాత కడ్డీనే మరల వేయించి, లింకులను త్వరగా విప్పుటకును తగిలించుటకును వీలగు చీలలు పెట్టించెను. విప్పిన కొనలు టైరునకుగాని బ్రేకు గొట్టమునకుగాని తగులకుండ పైకి కట్టవలెననియు, గట్టు దిగినవెంటనే మరల తగిలింపవలెననియు మెకానిక్కు రెండు పర్యాయములు చెప్పెను. పైకప్పుమీది బరువును తగ్గింపుమనియు చెప్పెను. ఒరుగుటకు మొదటి కారణము అదియే గదా! ఈ విప్పు పనిని మీట నొక్కి చేయించు ఏర్పాటును అమెరికాలో జీపు కంపెనీవారు 2007వ సంవత్సరపు రూబికాన్ బండికే పెట్టిరి. ముదుసలి మెకానిక్కు ఆ బండిని చూచియుండడు. చీలతో అతడు చేసినదియు ఆ పనియే.

ఒక హెచ్చరిక చేసి ముగించెదను. బండి గట్లు దాటగలదని తెలిసిన యువకులు వినోదమునకై సరస్సు నేలపైకి పోవ జూతురు. కొల్లేరు 1999లో అభయారణ్యమయ్యెను. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరెను. అక్రమముగా త్రవ్విన చేపలచెరువులను 2006లో కొట్టివేసిరి. అది పక్షులు గూడుకట్టు చోటు, మన పరుగుపందెముల చోటు కాదు. అవసరము గలవాడు గట్టుపై పోవును. వానికి ఈ కడ్డీ మర్మము తెలిసియుండవలెను.

కట్టు మంచిదా, విప్పు మంచిదా యని ఇప్పుడు నన్నెవరైన అడిగినచో, ముందు నేల యెట్లున్నదో చెప్పుమందును. ఆ దినమున బియ్యము తీసికొనిపోయిన పడవవాండ్రు ఊరి ఒడ్డు చేరి బస్తాలు దింపగానే, అడ్డుకర్రలు విప్పి దోనెలను వేరుచేసికొనిరట. ఇరుకు సందులలోనికి సంగడి పోదు. ఒంటి దోనెయే పోవలెను. వారికది ఎవరును నేర్పలేదు. మాకు మాత్రము ఒక జీపు ఒరిగినగాని తెలియలేదు.