అట్టపెట్టె మీది మాటలు: చిన్న ఫొటో ప్రింటరుకు వ్యాఖ్యానం

ఇంట్లో పెట్టుకునే చిన్న ఫొటో ప్రింటరు కొనబోతే ముందు కంటపడేవి అట్టపెట్టె మీది మాటలు. 2022లో వచ్చిన క్యానన్ సెల్ఫీ సీపీ1500 సంగతే తీసుకుంటే, దాని గుణగణాలన్నీ వరసగా ఇలా చెప్పొచ్చు: డై-సబ్లిమేషన్, 300 × 300 డీపీఐ, పోస్ట్‌కార్డు సైజు, బోర్డర్‌లెస్, ఓవర్‌కోట్, 108 కాగితాల సెట్టు, 41 సెకన్లు, వైఫై, ఎస్‌డీ కార్డు. మిగతా కంపెనీల పెట్టెల మీద కూడా దాదాపు ఇవే మాటలు అటూ ఇటూగా కనిపిస్తాయి. వీటి అర్థం తెలిస్తే మన ఇంటికి ఏది పనికొస్తుందో మనమే తేల్చుకోవచ్చు. ఫోన్లో వేల ఫొటోలున్నా ఆల్బం మాత్రం పిల్లాడి అన్నప్రాశన దగ్గరే ఆగిపోయిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

డై-సబ్లిమేషన్: ఈ యంత్రంలో ద్రవంగా ఉండే సిరా ఉండదు. పల్చటి ప్లాస్టిక్ రిబ్బను మీద పసుపు, మెజెంటా, సయాన్ రంగులు పట్టీలు పట్టీలుగా పూసి ఉంటాయి. ఒక్కో పట్టీ ఒక ఫొటో అంత ఉంటుంది. రిబ్బను వెనక నుంచి థర్మల్ హెడ్ వేడి తగిలిస్తుంది. ఎక్కడ ఎంత వేడి తగిలితే అక్కడ అంత రంగు రిబ్బనును వదిలి కాగితం పైపొరలోకి ఇంకుతుంది. కాగితం ముందు పసుపు ఒక్కటే ఎక్కించుకుని బయటికి వస్తుంది. మళ్లీ లోపలికి పోయి మెజెంటాతో వస్తుంది, ఇంకోసారి పోయి సయాన్‌తో వస్తుంది. మొదటి విడతలో ఒట్టి పసుప్పచ్చగా తేలిన అమ్మమ్మ ముఖం రెండో విడతకు ఎర్రబడి, మూడో విడతలో చామనఛాయకు తిరగడం దగ్గరుండి చూడవలసిన దృశ్యం. పిల్లలు ప్రింటరు ముందు నుంచి కదలరు.

రంగు కాగితంలోకి ఇంకిపోతుంది గనక ప్రింటు బయటికి వచ్చేసరికే ఆరి ఉంటుంది. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. ఆర్నెల్లు ముట్టుకోకపోయినా లోపల ఎండిపోయేదేమీ ఉండదు. దసరాకు వాడి పక్కన పెట్టి, ఉగాదికి తీసినా మొదటి ప్రింటే శుభ్రంగా వస్తుంది.

దీనికి ఎదురుగా నిలిచేది ఇంక్‌జెట్. ఎప్సన్ ఎల్805 లాంటి ఆరు రంగుల ఇంక్ ట్యాంకు యంత్రాలు ఫొటోల కోసమే చేసినవి. రోజూ ఫొటోలు తీసే స్టూడియోకు, పాస్‌పోర్టు ఫొటోలు వేసి ఇచ్చే నెట్ సెంటరుకు అలాంటివి చక్కగా సరిపోతాయి. కాగితం మనకు నచ్చింది కొనుక్కోవచ్చు, ఒక్కో ప్రింటుకు అయ్యే సిరా ఖర్చూ తక్కువే. అవి కోరేదల్లా రోజూ పని. రెండు మూడు నెలలు ఊరికే ఉంచితే నాజిళ్లలో సిరా గడ్డకడుతుంది, ప్రింటు మీద గీతలు పడతాయి. హెడ్ క్లీనింగ్ చేస్తే గీతలు పోవచ్చు గానీ, ఆ క్లీనింగుకు వాడేదీ మనం కొన్న సిరానే. అదంతా అడుగున ఉన్న వేస్ట్ ఇంక్ ప్యాడులోకి చేరుతుంది, ఆ ప్యాడు నిండితే లైట్లు మినుకుమంటూ యంత్రం ఆగిపోతుంది. నెలకు పది ఫొటోలు వేసుకునే ఇంటికి ఈ తద్దినమంతా ఎందుకన్నది నా అభిప్రాయం. పిల్లల ప్రాజెక్టు కాగితాలు కూడా రోజూ దాని మీదే వేస్తారనుకుంటే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు ట్యాంకు ప్రింటరే కొనండి.

జింక్: కొన్ని పెట్టెల మీద డై-సబ్లిమేషన్‌కు బదులు ఈ మాట ఉంటుంది. ఇక్కడ రిబ్బను కూడా ఉండదు. రంగునిచ్చే స్ఫటికాలు కాగితంలోనే మూడు పొరలుగా ఉంటాయి, వేడి తగిలేదాకా వాటికి రంగు కనపడదు. ఎక్కువ వేడి క్షణకాలం తగిలితే పై పొర పసుపవుతుంది, తక్కువ వేడి కాస్త ఎక్కువసేపు తగిలితే అడుగు పొర సయాన్ అవుతుంది. ఈ ఉపాయం పోలరాయిడ్‌లో పుట్టింది, 2008లో పోగో అనే జేబు ప్రింటరుగా జనంలోకి వచ్చింది. కాగితం రెండంగుళాలకు మూడంగుళాలు, వెనక పొర ఊడదీస్తే స్టిక్కరు. పిల్లల నోటు పుస్తకాల అట్టలకు, పుట్టినరోజు కార్డులకు ఎంతో బాగుంటుంది. ముఖాల ఛాయ మాత్రం నిలకడగా రాదు, నీడలో ఉన్న జుట్టూ నల్ల చీరా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆల్బం కోసమైతే నేను దీన్ని ఎంచుకోను.

ఇన్‌స్టాక్స్: ఇది నిజమైన ఫిల్ము. ఫూజీఫిల్మ్ మినీ లింక్ లాంటి యంత్రం ఫోన్లోని బొమ్మను వెలుగుగా మార్చి ఫిల్ము మీద వేస్తుంది. తెల్లగా బయటికి వచ్చిన ముక్కలో కొద్ది నిమిషాల్లో బొమ్మ తేలుతుంది. మినీ రకంలో బొమ్మ కొలత 62 × 46 మిల్లీమీటర్లు, ప్యాకుకు పది. సీమంతానికో ఓణీల ఫంక్షనుకో వచ్చిన చుట్టాల చేతిలో అక్కడికక్కడే ఒక ఫొటో పెట్టి పంపాలంటే దీనికి సాటి లేదు. ఫిల్ముకు గడువు తేదీ ఉంటుంది, ఎండకు కాగిన కారులో వదిలేస్తే రంగులు పాడవుతాయి. సంవత్సరం మొత్తం ఆల్బం కట్టడానికి ఖర్చు ఎక్కువ, బొమ్మ చిన్నది.

300 × 300 డీపీఐ: ఇంక్‌జెట్ పెట్టె మీద 5760 × 1440 అని చూసి వచ్చినవాళ్లు ఈ 300ను చూసి పెదవి విరుస్తారు. ఆ పెద్ద అంకె సిరా బొట్లు ఎంత దగ్గర దగ్గరగా పడగలవో చెప్పేది. ఒక బొట్టుకు రెండు మూడు పరిమాణాలే ఉంటాయి గనక, ఒక లేత గులాబీ ఛాయ రావాలంటే పక్కపక్కన బోలెడు బొట్లు పడాలి. డై-సబ్లిమేషన్‌లో ఒక్కో చుక్క ఒక్కో రంగులో 256 మెట్లు పలుకుతుంది. చెంప మీద వెలుగు నీడలోకి జారే చోట మెట్టు కనపడదు.

ఇక లెక్క. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్నది. ఆ చొప్పున నాలుగంగుళాలకు 1200, ఆరంగుళాలకు 1800, మొత్తం 21.6 లక్షల చుక్కలు. అంటే రెండు మెగాపిక్సెళ్లకు కాస్త పైన. ఈ సైజుకు ఫోను కెమెరా ఎంత గొప్పదన్న ప్రశ్నే రాదు. ఫొటో ఏ దారిన మన దగ్గరికి వచ్చిందన్నదే ముఖ్యం. ఫ్యామిలీ గ్రూపులో వాట్సాప్ ద్వారా మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. ఇద్దరు ముగ్గురున్న ఫొటోకు అది చాలు. ముప్ఫై మంది నిల్చున్న పెళ్లి గ్రూపు ఫొటోలో మాత్రం వెనక వరస ముఖాలు అలుక్కుపోతాయి. తీసినవాళ్లనే అడిగి డాక్యుమెంటుగా పంపించుకోండి.

పోస్ట్‌కార్డు సైజు, బోర్డర్‌లెస్: ఈ రెండింటినీ కలిపే చూడాలి. ఇక్కడ పోస్ట్‌కార్డు సైజంటే 100 × 148 మిల్లీమీటర్లు. మనం స్టూడియోలో కడిగించే నాలుగు బై ఆరు కన్నా నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. పాత ఆల్బం జేబుల్లో హాయిగా కూర్చుంటుంది. కాగితం రెండు కొసలకూ యంత్రం పట్టుకునే చెవులుంటాయి. ప్రింటయ్యాక వాటిని మడిచి చింపెయ్యాలి. చింపిన అంచు మీద వేలు పెడితే సన్నటి గరుకు తగులుతుంది.

చిక్కు నిష్పత్తిలో ఉంది. రీలు కెమెరా ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లు, నాలుగు బై ఆరు కాగితానికి సరిగ్గా సరిపోయే ఆకారం. ఫోన్లు మామూలుగా తీసేది నాలుగుకు మూడు. దాన్ని బోర్డరు లేకుండా కాగితం నిండా వేస్తే బొమ్మలో తొమ్మిదో వంతు పోతుంది. అడ్డంగా తీసిన గ్రూపు ఫొటోలో పైనా కిందా తెగుతుంది. పై మెట్టు మీద నిల్చున్న పెదనాన్నగారి తలపాగా, చాప మీద కూర్చున్న పిల్లల కాళ్లు రెండూ ప్రమాదంలో పడతాయి. తెగితే నష్టమయ్యే ఫొటోకు బోర్డరు పెట్టి, కత్తిరింపు లేకుండా వేసుకోండి. చుట్టూ తెల్ల అంచు ఉంటే ఫొటోకు లోటేమీ లేదు.

ఓవర్‌కోట్: నాలుగో విడతలో పడే పారదర్శకమైన పూత ఇది. నీటి చుక్కల నుంచి, వేలిముద్రల నుంచి కాపాడుతుంది. ప్రింటు 100 ఏళ్లు నిలుస్తుందన్న కంపెనీ మాట ఆల్బంలో దాచిన ప్రింటు గురించి చెప్పింది. కిటికీ ఎదుటి గోడకు ఆ మాట వర్తించదు. దేవుడి గదిలో పెట్టి గంధం, కుంకుమ అద్దే ఫొటో అయితే తప్పకుండా అద్దం వేయించండి. పటం కట్టించే పెద్ద సైజు కావాలంటే ఈ యంత్రం వల్ల కాదు, కలర్ ల్యాబుకే వెళ్లాలి.

108 కాగితాల సెట్టు: పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే ఈ మాటే అన్నింటికన్నా బరువైనది. ప్రింటరు ఒక్కసారి కొంటాం, సెట్టు ప్రతి ఏడూ కొంటాం. ఈ సెట్టులో 108 కాగితాలు, మూడు రిబ్బన్లు ఉంటాయి. ఒక్కో రిబ్బను 36 ఫొటోలకు, అంటే పాత రీలు ఒకటి. తెల్లటి గోడ ముందు తీసిన ఫొటో అయినా, దీపావళి రాత్రి తీసిన నల్లటి ఫొటో అయినా ఖర్చయ్యే రిబ్బను ఒకటే. సెట్టు ధరను 108తో భాగిస్తే ఒక్కో ఫొటో ధర కచ్చితంగా తేలుతుంది. సిరా ట్యాంకుతో ఇంత ఖరారైన లెక్క దొరకదు.

ఈ రకం యంత్రం ఆయుష్షు దాని రిబ్బను ఆయుష్షే. సోనీ డీపీపీ-ఎఫ్‌పీ వరస, కొడాక్ ఈజీషేర్ డాకులు ఒకప్పుడు మంచి పేరున్నవే. వాటి తయారీ ఆగిపోయాక రిబ్బన్లు దొరకడం గగనమైంది, బాగా నడిచే యంత్రాలు కూడా అటకెక్కాయి. అందుకే కొనేముందు ప్రింటరు ధర చూడకండి, దాని సెట్టు ఎన్ని చోట్ల దొరుకుతోందో చూడండి. ఆ కంపెనీ పాత మోడళ్లకూ అదే సెట్టు సరిపోతుందా అని అడగండి. క్యానన్ ఈ విషయంలో నమ్మకం నిలబెట్టుకుంది. ఒకే రకం పోస్ట్‌కార్డు సెట్టు సీపీ వరసలో ఎన్నో మోడళ్లకు పనికొస్తూ వచ్చింది.

ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు. వాడేసిన రిబ్బనును వెలుగుకు పట్టి చూడండి. టైపు కొట్టాక కార్బన్ కాగితం మీద అక్షరాలు మిగిలినట్టు, మనం వేసిన ప్రతి బొమ్మా దాని మీద తిరగబడి కనిపిస్తుంది. ఇంట్లో ఆడపిల్లల ఫొటోలు, గుర్తింపు కార్డుల ఫొటోలు వేసి ఉంటే రిబ్బనును ముక్కలుగా కత్తిరించాకే చెత్తలో వెయ్యండి.

కాగితాన్ని అంచులతోనే పట్టుకోవాలి. నిగనిగలాడే వైపు వేలిముద్ర పడితే అక్కడ రంగు సరిగా ఎక్కదు, దుమ్ము రేణువు కూర్చుంటే తెల్లచుక్క మిగులుతుంది. ఫ్యాను గాలికి ఎదురుగా, కిటికీ పక్కన పెట్టి ప్రింటు వెయ్యకండి. కాగితం వెనక నుంచి కూడా బయటికి వస్తూ పోతూ ఉంటుంది గనక యంత్రాన్ని గోడకు ఆనించకూడదు.

41 సెకన్లు: ఒక ఫొటో ప్రింటవడానికి పట్టే సమయం ఇది. దీన్ని చూసి ఎంచుకోనక్కర్లేదు. ఒక రిబ్బను పూర్తవడానికి పాతిక నిమిషాలు, మధ్యలో ట్రేలో మళ్లీ కాగితాలు పెట్టాలి, ఒక విడతకు 18 పడతాయి.

వైఫై, ఎస్‌డీ కార్డు: వైఫై సౌకర్యమే. నేను పట్టుబట్టేది చిన్న తెర, కార్డు పెట్టే సందు కోసం. ఆప్ లేకుండా పనిచేయని యంత్రం, ఆ ఆప్‌ను కంపెనీ పట్టించుకోవడం మానేసిన రోజున మూలపడుతుంది. కార్డు పెట్టి మీట నొక్కితే ప్రింటు వచ్చే యంత్రాన్ని ఫోను రాని తాతగారు కూడా సొంతంగా నడుపుకోగలరు.

డెమో ప్రింటు: పెట్టె మీద లేని మాట, అడిగి వేయించుకోవలసింది. దుకాణంలో వాళ్లు చూపించే జలపాతం బొమ్మ వద్దు. మన ఫొటో ఒకటి కార్డులో తీసుకెళ్లండి. అందులో మెరూన్ పట్టుచీర, జరీ అంచు, తెల్ల పంచె, నల్లటి జడ, రెండు మూడు ఛాయల ముఖాలు ఉండాలి. పంచె మడతలు కనిపిస్తున్నాయా, జడలో పాయలు విడిగా తెలుస్తున్నాయా, ముఖాలు ఎరుపుకో పచ్చకో తిరిగాయా అన్నవి పగటి వెలుగులో చూడండి, ట్యూబులైటు కింద చూసి నిర్ణయించకండి. ఆ ప్రింటును ఇంటికి తెచ్చి, సగానికి నల్లటి అట్ట కప్పి, ఎండ పడే కిటికీలో నెల రోజులు ఉంచండి. అట్ట తీసి రెండు సగాలనూ పోల్చండి. కప్పని సగం వెలిసి ఉంటే, గోడ మీదికి ఎక్కించే ఫొటోలను ల్యాబులోనే కడిగించుకుని ఇంట్లో వేసినవి ఆల్బానికి ఉంచుకోండి.