పెరికెద్దుల బాట నుంచి తండా రోడ్డు దాకా

కడప జిల్లా పటంలో ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషన్లను ఒక గీతతో కలిపి చూడండి. మద్రాసు నుంచి బొంబాయి వైపు పోయే పాత రైలుమార్గం అది. అది పెన్నకు దక్షిణంగానే సాగిపోయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఏటికి ఉత్తరపు గట్టున మిగిలాయి. పులివెందుల దక్షిణాన దూరంగా ఉండిపోయింది. పత్తికి, ధాన్యానికి, వ్యాపారానికి పేరుపడ్డ ఈ మూడు ఊళ్లకూ రైలు రాలేదు. రైలు రాకముందు ఈ ఊళ్లకు ఉప్పు ఎవరు తెచ్చారు? ఇక్కడి పత్తిని, గింజలను ఎవరు మోశారు? ఈ ప్రశ్న వేస్తే మన చరిత్ర బయటపడుతుంది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. అప్పటికి చక్రాల బండి పోగలిగిన బాటలు తక్కువ. వానాకాలంలో నల్లరేగడిలో చక్రం దిగబడిపోతుంది. అందుకే సరుకు ఎక్కువగా ఎద్దుల వీపుల మీదే నడిచేది. రెండు పక్కలా పెరికెలు వేసుకున్న ఎద్దులను బారులుగా తోలుకుని సుగాలీలు కోస్తా నుంచి ఉప్పు తెచ్చేవాళ్లు. తిరుగు దారిలో పత్తి, గింజలు తీసుకుపోయేవాళ్లు. ఎద్దులతో, గాడిదలతో పల్లె పల్లెకూ తిరిగి ఉప్పు పోసి గింజలు కొలిపించుకున్నవాళ్లు యెరుకలవాళ్లు. వాళ్లలో ఒక తెగకు ఉప్పు యెరుకల అన్న పేరే ఉంది.

దండ్లకు కూడా వీళ్లే ఆధారం. 1791–92లో టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నానికి దండెత్తిన కారన్‌వాలీసు సైన్యానికి బంజారాల ఎద్దుల మీదే గింజలు అందాయి. సైన్యాలకు అన్నం మోసిన జనం ఊరూరికీ ఉప్పు కూడా మోశారు. ఏ బాటలో నీళ్లున్నాయి, ఎక్కడ గడ్డి దొరుకుతుంది, ఏ ఏరు ఎప్పుడు దాటాలి అన్నది తండా నాయకుడికి తెలుసు. ఆ కాలపు రవాణా ప్రణాళిక అదే. ఎద్దులే దానికి పెట్టుబడి. అందుకోసం ఎవరి మీదా పన్ను పడలేదు.

ఆ వ్యవస్థ కూలిన తీరు తెలియాలంటే 1871 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది మూడు సంగతులు జరిగాయి.

మొదటిది, మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. మద్రాసు రైల్వేను కట్టింది ఒక ఇంగ్లీషు కంపెనీ. పెట్టుబడి పెట్టినవాళ్లకు ఏటా నూటికి 5 వంతున వడ్డీ ఇస్తామని సర్కారు హామీ ఇచ్చింది. రాబడి చాలకపోతే ఆ తక్కువను ఈ దేశపు ఖజానా పూడ్చాలి. అంటే లాభం వస్తే వాటాదారుడిది, నష్టం వస్తే రైతు కట్టిన శిస్తుది. కర్నూలు–కడప కాలువ సంగతీ అంతే. సేద్యానికీ పడవలు నడపడానికీ అని తలపెట్టిన ఆ కాలువకు కూడా అదే 5 శాతం హామీ ఉంది. కంపెనీ నిలదొక్కుకోలేక 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది.

రెండోది, మద్రాసు ప్రభుత్వం స్థానిక నిధుల చట్టం చేసింది. భూమిశిస్తు మీద రూపాయికి ఒక అణా దాకా సెస్సు వసూలు చేసి రోడ్లకు ఖర్చుపెట్టవచ్చు. ఏ రోడ్డు వేయాలో తేల్చే బోర్డుల్లో సభ్యులను సర్కారే నియమించేది. భూమి లేనివాళ్లకు, ఊరి బయట దిగిన తండాకు అందులో మాట లేదు. బాటలన్నీ తెలిసినవాళ్లను బాట ఎటు వేయాలని అడిగినవాళ్లు లేరు.

మూడోది, ఉత్తర భారతంలో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు.

ఈ మూడింటికీ మధ్య ఉన్న సంబంధం ఒక్క రోజులో కనబడలేదు. వ్యాగన్లలో ఉప్పు స్టేషన్లకు చేరాక, కొత్త రోడ్ల మీద బండ్లు దాన్ని ఊళ్లకు చేర్చాయి. పెరికెద్దుకు పని తగ్గింది. 1876–78 కరువు ఈ సీమను మాడ్చేసింది, పశువులు గుంపులు గుంపులుగా చచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేత కొండలకు హద్దులు పడ్డాయి. రైలు ఒక్కటే మన బతుకు తీసిందనడం సరికాదు. బండి, కరువు, మేత కరువు, ఉప్పు మీద సర్కారు పెత్తనం అన్నీ కలిశాయి. పని పోయినా జనం తిరగడం మానలేదు. పని ఉన్నప్పుడు వ్యాపారమనిపించుకున్న ఆ తిరుగుడే పని పోయాక అనుమానానికి కారణమైంది.

1911 తర్వాత యెరుకలవారిలో ఎన్నో గుంపులను నేరస్థ తెగలుగా ప్రకటించారు. పేర్లు నమోదు చేయించుకోవాలి, పోలీసులకు హాజరు చెప్పాలి, పొరుగూరు పోవాలంటే పాసు ఉండాలి. స్టువర్టుపురం, కావలి, సిద్ధాపురం వంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టి కుటుంబాలను అక్కడికి చేర్చారు. ఒకనాడు ఈ సీమకు దారులు నడిపినవాళ్లు దారి మీద నడవడానికి చీటీ చూపించాల్సి వచ్చింది. ఈ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది.

స్వతంత్రం వచ్చాక రవాణా ప్రణాళికలు మన చేతికి వచ్చాయి. అయినా నిధుల మాట మారలేదు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 1996–97లో మంజూరైంది. సుమారు 123 కిలోమీటర్ల ఆ దారి మీద రైళ్లు పూర్తిగా నడిచింది 2016లో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టాలు చూడడానికి రాయచూరు కలయిక తర్వాత 145 ఏళ్లు పట్టింది. 2008–09లో మంజూరైన కడప–బెంగళూరు మార్గానికి ఖర్చులో సగం కేంద్రం, సగం రాష్ట్రం భరించాలని అనుకున్నారు. అందులో పూర్తయింది పెండ్లిమర్రి దాకా ఉన్న మొదటి ముక్క. పులివెందులకు ఇంకా రైలు లేదు. మంజూరు కాగితం వేరు, ఏటా బడ్జెట్టులో వచ్చే డబ్బు వేరు అన్న పాఠం ఈ రెండు దారులూ చెబుతాయి.

తండాకు మాత్రం రైలుకన్నా ముందు రోడ్డు కావాలి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ఆవాసాలకు రోడ్డు ఇస్తామంది. కొండ ప్రాంతాలకు, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాలకు 250 చాలంది. కడప జిల్లాలో గిరిజనులున్నారు కానీ ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో గిరిజనులు వందకు ముగ్గురికంటే తక్కువ, అదీ చెదురుమదురుగా. మూడు వందల మంది ఉన్న తండా పాడేరు వైపు ఉంటే ఆ పథకానికి అర్హమైంది, కడప జిల్లాలో ఉంటే కాలేదు. ఇద్దరూ గిరిజనులే, ఇద్దరికీ బురదే. తేడా అంతా పటం మీద గీసిన గీతలో ఉంది.

ఆ పథకంలో ఆవాసం అంటే చోటు మారకుండా ఒకే దగ్గర ఉన్న జనసమూహం. తరతరాలు తిరిగిన జనానికి ఈ నిర్వచనం చురుక్కుమంటుంది. అయితే అదే నిబంధనల్లో మనకు పనికొచ్చే మాట కూడా ఉంది. 500 మీటర్లలోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించవచ్చు. పక్కపక్కన ఉన్న రెండు తండాలు విడివిడిగా అడిగితే రాని రోడ్డు కలిసి అడిగితే రావచ్చు.

2024లో కేంద్రం ఆమోదించిన నాలుగో దశ ఇంకో తలుపు తెరిచింది. దీనికి 70,125 కోట్ల రూపాయలు, లక్ష్యం 62,500 కిలోమీటర్లు, గడువు 2028–29. ఇందులో ఆకాంక్షిత జిల్లాలకు కూడా 250 జనాభా చాలు, లెక్క 2011 జనగణనది. 2018లో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో వైఎస్సార్ కడప ఒకటి. దీనికి తోడు గిరిజనుల జనాభా దామాషాలో నిధులు వేరుగా కేటాయించాలని చెప్పే ఉప ప్రణాళిక చట్టం 2013 నుంచి మన రాష్ట్రంలో ఉంది.

1871లో మన పెద్దలకు చట్టం చదివి చెప్పేవాళ్లు లేరు. ఈ రోజు ప్రతి తండాలో చదివిన పిల్లలున్నారు. ఉపాధ్యాయులు వాళ్లతో ఒక పని చేయించవచ్చు: తండా జనాభా ఎంత, పక్క తండాకు ఎన్ని మీటర్లు, పక్కా రోడ్డుకు ఎంత దూరం, బడికీ ఆసుపత్రికీ వానాకాలంలో ఎలా పోతున్నారు, ఆవాసాల జాబితాలో మన పేరు ఉందా. ఆ కాగితాన్ని గ్రామసభలో తీర్మానంగా రాయించాలి. రోడ్డు మట్టి తవ్వినప్పుడు కాదు, జాబితాలో పేరు ఎక్కినప్పుడే మొదలవుతుంది. దారులు ఎరిగిన జాతి మనది. ఆ జాబితా రాసే చోట ఇకనైనా మన మనిషి కూర్చోవాలి.