పారాక్వాట్ విషం: ఊపిరితిత్తులకు ముందస్తు ఔషధ రక్షణ

పారాక్వాట్ కలుపు మొక్కలను మాడ్చే రసాయనం. తెలుగు పల్లెల్లో గడ్డిమందు అని పిలిచేవాటిలో ఇదొకటి. బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ 1962లో దీన్ని గ్రామాక్సోన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. కడుపులోకి వెళితే దీనికి నమ్మదగిన విరుగుడు ఇప్పటికీ లేదు. విషం సోకకముందే మందులిచ్చి ఊపిరితిత్తులను కాపాడగలమా అని దశాబ్దాలుగా జంతువులపై ప్రయోగాలు సాగుతున్నాయి.

ఈ విషం మూత్రపిండాలనూ, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. పేరుకునేది మాత్రం ఊపిరితిత్తుల్లో. పుట్రెసిన్, స్పెర్మిడిన్ వంటి పాలీఎమీన్లను లోపలికి తీసుకునే ఏర్పాటు వాయుకోశాల కణాలకు ఉంది. పారాక్వాట్ అణువు వాటిని పోలి ఉండటంతో అదే దారిన లోపలికి చేరుతుంది. అందుకే రక్తంలో తగ్గుతున్నా ఊపిరితిత్తుల్లో పెరుగుతూ పోతుంది. అక్కడ కణంలోని ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అందిస్తుంది. దాంతో కణాలకు హాని చేసే సూపరాక్సైడ్ పుడుతుంది, పారాక్వాట్ తిరిగి మొదటి రూపానికి వస్తుంది. ఒకే అణువు ఈ పనిని పదేపదే చేయగలగడమే దీని భయంకరమైన గుణం. కణాల పొరలు చెడిపోతాయి, వాపు వస్తుంది, మనిషి కొద్ది రోజులు బతికినా ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి.

ముందస్తు మందులు ఈ క్రమాన్ని ఎక్కడో ఒకచోట అడ్డుకోవాలని చూస్తాయి. ఊపిరితిత్తుల కణజాలంపై చేసిన ప్రయోగాల్లో పుట్రెసిన్ పోటీకి వచ్చి పారాక్వాట్ చేరికను తగ్గించింది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కణాలను ఇలాంటి దాడి నుంచి కాపాడే గ్లూటాథయోన్ నిల్వను పెంచుతుంది. విటమిన్ ఇ పొరల్లోని కొవ్వులను కాస్తుంది. పోర్చుగల్ పరిశోధకులు 2006లో ముందుగా కాక, ఎలుకలకు విషం ఇచ్చిన రెండు గంటల తర్వాత డెక్సామెథసోన్ ఇచ్చి చూశారు. కణాల్లోంచి విషాన్ని బయటికి నెట్టే పి-గ్లైకోప్రోటీన్ పెరిగింది, ఎక్కువ ఎలుకలు బతికాయి.

ప్రయోగశాలలో విషం ఎప్పుడిస్తారో ముందే తెలుసు. ఆసుపత్రికి వచ్చే మనిషి విషయంలో ఆ వెసులుబాటు లేదు, అప్పటికే ఊపిరితిత్తులు విషాన్ని పీల్చేసుకుంటూ ఉంటాయి. శ్రీలంకలో సైక్లోఫాస్ఫమైడ్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్‌లతో జరిపిన యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మరణాలు తగ్గలేదు. పిచికారీ చేసే కూలీలకు ముందుగా ఇవ్వదగిన, నిరూపితమైన మందు కూడా లేదు. వారికి చేతి తొడుగులు, ముఖ కవచం, ఒళ్లు కప్పే బట్టలు ఇవ్వడం యజమాని బాధ్యతే.

ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. క్షణం ఆలస్యం చేయకుండా, సీసా కూడా వెంట తీసుకుని, ఆసుపత్రికి చేర్చాలి. తొలి గంటల్లో ఉత్తేజిత బొగ్గు కడుపులోని విషాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ ఈ విషచక్రానికి ఇంధనం కాబట్టి, రక్తంలో అది బాగా పడిపోతే తప్ప వైద్యులు పెట్టరు.